సీఆర్‌ఈ లెక్కలు: ఫార్ములాలు బట్టీ పట్టకుండా ఎలా చేయాలి?

కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలోకి రాగానే విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "సార్, కెమికల్ రియాక్షన్ ఇంజినీరింగ్‌లో (సీఆర్‌ఈ) ఇన్ని ఫార్ములాలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?" రియాక్షన్ వేగం గాఢతను బట్టి ఎలా మారుతుందో చెప్పేది ఆర్డర్. జీరో ఆర్డర్‌కు ఒకటి, ఫస్ట్ ఆర్డర్‌కు ఒకటి, సెకండ్ ఆర్డర్‌కు ఇంకొకటి. అవే మళ్లీ బ్యాచ్‌కు (అన్నీ ఒకేసారి పోసి నడిపే రియాక్టర్), సీఎస్‌టీఆర్‌కు (ఆగకుండా పోస్తూ, కలుపుతూ, బయటికి తీసే ట్యాంకు), పీఎఫ్‌ఆర్‌కు (గొట్టం రియాక్టర్) వేరువేరు. గ్యాస్ రియాక్షన్లకు మరో పట్టిక. పరీక్ష ముందురోజు రాత్రి ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్న పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

నా జవాబు ఎప్పుడూ ఒకటే: గుర్తుపెట్టుకోవద్దు. మోల్ బ్యాలెన్స్ రాయడం వస్తే ఆ పట్టికలోని ప్రతి గడినీ మీరే నింపుకోగలరు. అదెలాగో చూపించడానికి ఒకే రియాక్షన్‌ను పట్టుకుని, ల్యాబ్‌లో బ్యూరెట్ రీడింగు దగ్గర్నుంచి రియాక్టర్ సైజు దాకా తీసుకెళ్తాను. పెన్ను పట్టుకుని మీరూ నాతోపాటు లెక్క కట్టండి. ఊరికే చదివితే ఇది తలకెక్కదు.

ముందుగా కావాల్సినవి

- రెండో ఏడాది ప్రాసెస్ కాలిక్యులేషన్స్ నోట్సు. అందులో మోల్ బ్యాలెన్స్, లిమిటింగ్ రియాక్టెంట్ ఈ రెండూ ఒకసారి తిరగేయండి.
- ఇంటిగ్రేషన్‌లో రెండే రెండు: 1/(1 − ఎక్స్), దాని స్క్వేర్. వాటితోపాటు సింప్సన్ రూల్.
- గ్రాఫ్ కాగితాలు, సైంటిఫిక్ కాలిక్యులేటర్. గేట్ రాసేవాళ్లు తెర మీద వచ్చే వర్చువల్ కాలిక్యులేటర్‌తోనే సాధన చేయాలి.
- ఒక పాఠ్యపుస్తకం. లెవెన్‌స్పీల్ మంచిదా, ఫోగ్లర్ మంచిదా అని అడుగుతుంటారు. మొదటిది గ్రాఫులతో, చిన్న చిన్న అధ్యాయాలతో నడుస్తుంది. రెండోది ప్రతి లెక్కనూ ఒకే వరుసలో చేయిస్తుంది, కంప్యూటర్ లెక్కలూ ఎక్కువ. ఏదైనా సరే, సెమిస్టర్ అయ్యేదాకా ఒక్కదాన్నే పట్టుకోండి.

ఇక్కడ "ఎక్స్" అంటే కన్వర్షన్ (రియాక్టెంట్‌లో ఎంత వంతు ఖర్చయిందో), "కే" అంటే రేట్ కాన్‌స్టంట్ (రియాక్షన్ వేగాన్ని గాఢతతో కలిపే స్థిరాంకం).

1. ల్యాబ్ రీడింగును చేత్తో లెక్కకట్టండి

సోడియం హైడ్రాక్సైడ్‌తో ఇథైల్ అసిటేట్ సాపోనిఫికేషన్, అంటే క్షారంతో ఎస్టర్‌ను విడగొట్టడం. దాదాపు ప్రతి కాలేజీ ల్యాబ్‌లో ఉండే ప్రయోగమే. చాలామంది దీన్ని రికార్డు నింపడానికి చేసి వదిలేస్తారు. నిజానికి ఈ సబ్జెక్టు సగం ఇందులోనే ఉంది.

రెండు ద్రావణాలూ 0.1 మోలార్. సమాన పరిమాణాల్లో కలిపి, స్టాప్‌వాచ్ నొక్కి, నిర్ణీత సమయానికి పైపెట్‌తో 10 మి.లీ. తీసి, ముందే కొలిచి ఉంచిన 20 మి.లీ. 0.05 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వదులుతారు. క్షారం అక్కడితో అయిపోతుంది, రియాక్షన్ ఆగిపోతుంది. మిగిలిన ఆమ్లాన్ని 0.05 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో, ఫినాల్ఫ్తలీన్ వేసి టైట్రేట్ చేస్తారు.

45వ సెకను నమూనాకు బ్యూరెట్ రీడింగు 12 మి.లీ. వచ్చిందనుకోండి. వేసిన ఆమ్లం 20 × 0.05 = 1 మిల్లీమోల్. బ్యూరెట్‌లోని క్షారం తటస్థం చేసింది 12 × 0.05 = 0.6. మిగతా 0.4 మిల్లీమోల్‌ను నమూనాలోని క్షారం తినేసింది. 10 మి.లీ.లో 0.4 మిల్లీమోల్ అంటే గాఢత లీటరుకు 0.04 మోల్. అలాగే 273వ సెకనులో రీడింగు 16 మి.లీ. అయితే గాఢత 0.02.

ఇప్పుడు ఎక్కువమంది పడే గొయ్యి. మొదటి గాఢత ఎంత? 0.1 అని రాస్తారు. సీసా మీద అలాగే ఉంది కదా! కానీ సమాన పరిమాణాలు కలిపాక ప్రతి ద్రావణం గాఢతా సగమైంది. కలిపిన క్షణంలో ఉన్నది 0.05. ఈ తప్పు ఎలా బయటపడుతుందో చూడండి. రెండూ సమాన గాఢతలో ఉన్న సెకండ్ ఆర్డర్ రియాక్షన్‌కు, గాఢత విలోమం నుంచి మొదటి గాఢత విలోమం తీసేసి కాలంతో భాగిస్తే కే వస్తుంది.

0.05 తీసుకుంటే: (25 − 20)/45 = 0.111. రెండో నమూనాకు (50 − 20)/273 = 0.110. రెండూ కలిశాయి.

0.1 తీసుకుంటే: (25 − 10)/45 = 0.33. రెండో నమూనాకు (50 − 10)/273 = 0.147. కే సగానికి పైగా పడిపోయింది!

ఉష్ణోగ్రత మారకుండా కే మారకూడదు. నమూనా నమూనాకూ అది ఒకే దిక్కుకు జారుతుంటే ప్రయోగాన్ని అనుమానించే ముందు మీరు రాసిన మొదటి గాఢతను చూడండి. గ్రాఫ్ గీస్తే మరీ తేలిక: గాఢత విలోమాన్ని కాలానికి ఎదురుగా గీయండి. గీత నిలువు అక్షాన్ని 20 దగ్గర తాకాలి. ఆ గీత వాలు (స్లోప్) విలువే కే.

సరిచూసుకోవడానికి ఇంకో దారి: రియాక్షన్ అసలు జరగకపోతే రీడింగు 10 మి.లీ., పూర్తిగా జరిగిపోతే 20. మీ రీడింగులన్నీ ఈ రెండింటి మధ్యే ఉండాలి, కాలంతోపాటు పెరుగుతూ పోవాలి.

జాగ్రత్తలు:
- నిన్న చేసి మూత తెరిచి ఉంచిన సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉంటుంది. ఆరోజే ఆక్సాలిక్ ఆమ్లంతో స్టాండర్డైజ్ చేయండి.
- ఇథైల్ అసిటేట్ త్వరగా ఆవిరవుతుంది. బీకరులో పోసి కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే గాఢత తగ్గిపోతుంది.
- పైపెట్ సగం ఖాళీ అయిన క్షణాన్ని నమూనా సమయంగా రాయండి. మొదటి నిమిషంలో 10 సెకన్ల తేడా కూడా కేను కదిలిస్తుంది.
- ఎండ్ పాయింట్ దగ్గర లేత గులాబీ రంగు వచ్చి, కాసేపటికి మాయమవుతుంది. అది చూసి మళ్లీ చుక్కలు వేయకండి. అర నిమిషం నిలిచిన మొదటి లేత రంగే ఎండ్ పాయింట్.
- ఆనాటి ఉష్ణోగ్రత రాయండి. కే 25 డిగ్రీల దగ్గర సుమారు 0.11. మే నెలలో ల్యాబ్ 35 డిగ్రీలుంటే దాదాపు రెట్టింపు వస్తుంది. అది తప్పు కాదు.

మీ ల్యాబ్‌లో కండక్టివిటీ మీటర్ ఉంటే టైట్రేషన్ అక్కర్లేదు. హైడ్రాక్సైడ్ అయాన్ పోయి అసిటేట్ అయాన్ వస్తున్నకొద్దీ కండక్టివిటీ పడిపోతుంది. కాకపోతే సున్నా కాలపు రీడింగు, పూర్తయ్యాక వచ్చే రీడింగు రెండూ సరిగ్గా ఉండాలి.

2. లెక్క మొదలుపెట్టే ముందు కే యూనిట్లు చదవండి

ప్రశ్నలో ఆర్డర్ చెప్పకపోయినా కే యూనిట్లు చెప్పేస్తాయి. "ప్రతి సెకనుకు" అని మాత్రమే ఉంటే ఫస్ట్ ఆర్డర్. లీటర్/(మోల్·సెకను) ఉంటే సెకండ్ ఆర్డర్. మోల్/(లీటర్·సెకను) ఉంటే జీరో ఆర్డర్. కే నిమిషాల్లో, ఫ్లో గంటల్లో ఇవ్వడం ప్రశ్నపత్రాల్లో మామూలే. అన్నింటినీ మొదటి లైన్లోనే ఒకే యూనిట్లలోకి మార్చి, గడి కట్టి పెట్టుకోండి.

3. బ్యాలెన్స్ రాయండి, ఫార్ములా రాయకండి

ప్రతి లెక్కకూ మొదటి వాక్యం ఇదే: వచ్చినది − వెళ్లినది − రియాక్షన్‌లో ఖర్చయినది = లోపల పేరుకున్నది. ఇక రియాక్టర్‌ను బట్టి ఏది సున్నా అవుతుందో చూడటమే.

బ్యాచ్‌లో రావడం, పోవడం లేవు. కాబట్టి లోపలి మోల్స్ తగ్గే వేగం, రేటు × పరిమాణం సమానం. ఇంటిగ్రేట్ చేస్తే కాలం వస్తుంది.

సీఎస్‌టీఆర్ నిలకడగా నడుస్తుంటే పేరుకోవడం సున్నా. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. సాంబారు గిన్నెలో ఉప్పు వేసి బాగా కలిపాక ఏ గరిటెతో తీసినా ఒకే రుచి. గిన్నెలో ఉన్నదే గరిటెలో ఉన్నది. సీఎస్‌టీఆర్ కూడా అంతే. బయటికి వచ్చే ద్రవం గాఢతే లోపల అంతటా ఉన్న గాఢత. కాబట్టి రేటును బయటి గాఢత దగ్గరే లెక్కించాలి. లోపలికి వచ్చే గాఢత దగ్గర కాదు. ఇంటిగ్రేషన్ ఉండదు.

పీఎఫ్‌ఆర్‌లో గొట్టం పొడవునా గాఢత మారుతూ పోతుంది. అందుకే ఒక పలుచని ముక్క తీసుకుని దానికి బ్యాలెన్స్ రాసి, మొదటి నుంచి చివరికి ఇంటిగ్రేట్ చేయాలి.

4. అంకెలు వేయండి

మన రియాక్షన్ 80 శాతం కన్వర్షన్‌కు వెళ్లాలి. మొత్తం ఫీడ్ నిమిషానికి 0.1 లీటరు. కలిశాక గాఢత 0.05. కే 0.11. రెండింటి గుణకారం సెకనుకు 0.0055.

బ్యాచ్, పీఎఫ్‌ఆర్ రెండింటికీ ఇంటిగ్రేషన్ ఇచ్చేది ఎక్స్/(1 − ఎక్స్), అంటే 0.8/0.2 = 4. దాన్ని 0.0055తో భాగిస్తే 727 సెకన్లు, సుమారు 12.1 నిమిషాలు. గొట్టం పరిమాణం 1.21 లీటర్లు.

సీఎస్‌టీఆర్‌కు ఎక్స్‌ను (1 − ఎక్స్) స్క్వేర్‌తో భాగించాలి: 0.8/0.04 = 20. కాలం 3636 సెకన్లు, అంటే 60.6 నిమిషాలు. ట్యాంకు 6.06 లీటర్లు. సరిగ్గా 5 రెట్లు.

అదే పనికి రెండు సమాన సీఎస్‌టీఆర్‌లు వరుసగా పెడితే రెండూ కలిపి సుమారు 26.7 నిమిషాలు చాలు. ఇది ట్రయల్ అండ్ ఎర్రర్‌తో వస్తుంది. మొదటి ట్యాంకు నుంచి వచ్చే గాఢత తొలి గాఢతలో దాదాపు 0.376 వంతు అని తేలుతుంది. ఒకసారి మీరే చేసి చూడండి. ట్యాంకుల సంఖ్య పెరిగేకొద్దీ పీఎఫ్‌ఆర్‌కు ఎలా దగ్గరవుతామో ఈ మూడు అంకెలు, 60.6, 26.7, 12.1, చూస్తే అర్థమవుతుంది. పది రియాక్షన్లను ఒక్కో రియాక్టర్‌లో చేయడం కంటే ఒకే రియాక్షన్‌ను ఇలా అన్ని రియాక్టర్లలో చేయడం మేలని నా గట్టి నమ్మకం.

5. జవాబు కింద గీత గీసే ముందు సరిచూడండి

సీఎస్‌టీఆర్‌లో పొరపాటున లోపలికి వచ్చే గాఢత దగ్గర రేటు తీసుకున్నారనుకోండి. 0.8/0.0055 = 145 సెకన్లు వస్తుంది. పీఎఫ్‌ఆర్‌కే 727 కావాలి కదా, సీఎస్‌టీఆర్‌కు 145 ఎలా సరిపోతుంది? ఉష్ణోగ్రత మారకుండా, ఆర్డర్ సున్నా కంటే ఎక్కువున్న రియాక్షన్‌కు సీఎస్‌టీఆర్ ఎప్పుడూ పీఎఫ్‌ఆర్ కంటే పెద్దదే. జీరో ఆర్డర్‌కు రెండూ సమానం. ఈ ఒక్క పోలికతో నేను దిద్దిన పేపర్లలో సగం తప్పులు పరీక్ష హాల్లోనే దొరికిపోయేవి.

ఇంకో మూడు చూడండి. కన్వర్షన్‌ను సున్నా చేస్తే కాలం సున్నా రావాలి. కన్వర్షన్ 1కి చేరువవుతుంటే కాలం అంతులేకుండా పెరగాలి (ఫస్ట్ ఆర్డర్‌కూ, అంతకంటే పై ఆర్డర్లకూ). యూనిట్లు కొట్టేసుకుంటూ వస్తే చివరికి లీటర్లో, సెకన్లో మిగలాలి.

సింప్సన్ రూల్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పైన 4 వచ్చిన ఇంటిగ్రేషన్‌నే 0, 0.2, 0.4, 0.6, 0.8 దగ్గర ఐదు బిందువులతో చేస్తే 4.19 వస్తుంది. దాదాపు 5 శాతం ఎక్కువ. చివర్లో గీత నిట్టనిలువుగా లేస్తుంది కాబట్టి అక్కడ బిందువులు దగ్గర దగ్గరగా తీసుకోవాలి. ఇంటి దగ్గరైతే పైథాన్‌లోనో, స్ప్రెడ్‌షీట్‌లోనో చేసి పోల్చుకోండి.

6. గ్యాస్ అయితే పరిమాణం మారుతుందా అని అడగండి

ఎసిటాల్డిహైడ్ విడిపోతే మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. ఒక మోల్ రెండు మోల్స్ అయింది. రియాక్షన్ పూర్తయితే పరిమాణం ఎంత వంతు మారుతుందో చెప్పే అంకె ఎప్సిలాన్. శుద్ధమైన ఫీడ్ అయితే అది 1. ఇలా ఒక మోల్ రెండయ్యే ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్‌ను పీఎఫ్‌ఆర్‌లో 80 శాతానికి తీసుకెళ్లాలంటే కే × స్పేస్ టైమ్ (రియాక్టర్ పరిమాణం ÷ లోపలికి వచ్చే ఫ్లో) విలువ 2.42 కావాలి. ఎప్సిలాన్ మర్చిపోతే 1.61 వస్తుంది. అంటే మీ రియాక్టర్ కావాల్సిన దాంట్లో మూడింట రెండు వంతులే!

ఎప్సిలాన్ = ఫీడ్‌లో మన రియాక్టెంట్ మోల్ ఫ్రాక్షన్ × ఆ రియాక్టెంట్ ఒక మోల్‌కు మోల్స్‌లో మార్పు. అమ్మోనియా తయారీలో నైట్రోజన్, హైడ్రోజన్ 1:3గా పోస్తే నైట్రోజన్ లెక్కన 0.25 × (−2) = −0.5. ఫీడ్‌లో ఇనర్ట్ గ్యాస్ ఉంటే మోల్ ఫ్రాక్షన్‌లో దాన్నీ కలపాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

అలాగని అన్నిచోట్లా ఎప్సిలాన్ పెట్టేయకూడదు. మూసి ఉన్న ఉక్కు పాత్రలో గ్యాస్ రియాక్షన్ జరిగితే మోల్స్ పెరిగినా పరిమాణం మారదు, పెరిగేది ఒత్తిడి. అక్కడ ఎప్సిలాన్ పని లేదు. ద్రవాల్లోనూ సాధారణంగా లేదు.

7. ఉష్ణోగ్రత వచ్చిందంటే నిదానంగా వెళ్లండి

ఉష్ణోగ్రతతో కే ఎలా మారుతుందో చెప్పే అర్హీనియస్ సమీకరణంలో మూడు తప్పులు పదేపదే చూస్తుంటాను: సెల్సియస్ వేయడం, కిలోజౌళ్లను జౌళ్లు చేయకపోవడం, ఎల్ఎన్ బదులు లాగ్ నొక్కడం. కొలబద్దగా ఒక అంకె పెట్టుకోండి: యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కు 50 కిలోజౌళ్లు అయితే 25 నుంచి 35 డిగ్రీలకు వెళ్లినప్పుడు కే 1.9 రెట్లవుతుంది. మీకు 1.0007 వస్తే కిలోజౌళ్లు మార్చలేదు. 30 అంకెల సంఖ్య వస్తే సెల్సియస్ వేశారు.

ఎనర్జీ బ్యాలెన్స్‌ను చాలామంది ఛాయిస్‌లో వదిలేస్తారు. దయచేసి వదలకండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. నిల్వ ట్యాంకులోని స్టైరీన్ తనంతట తానే పాలిమరైజ్ అవుతూ వేడెక్కింది. ఆవిరి ఊరి మీదికి వచ్చింది, 12 మంది ప్రాణాలు పోయాయి. ఎవరూ రియాక్టర్ అనుకోని ట్యాంకు బ్యాచ్ రియాక్టర్ అయిపోయింది.

దాని లెక్క మీరే వేయగలరు. స్టైరీన్ పాలిమరైజ్ అయితే మోల్‌కు సుమారు 70 కిలోజౌళ్లు విడుదలవుతాయి. మోల్ అంటే 104 గ్రాములు. గ్రాముకు దాదాపు 673 జౌళ్లు. ఒక గ్రామును ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 2 జౌళ్లు అనుకుంటే, వేడి బయటికి పోయే దారి లేనప్పుడు ఉష్ణోగ్రత ఉన్నదానికి మరో 336 డిగ్రీల దాకా పెరగగలదు. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీలకే. పుట్టే వేడి ఉష్ణోగ్రతతో ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది, ట్యాంకు గోడల నుంచి పోయే వేడి సరళరేఖలా పెరుగుతుంది. ఈ రెండు గీతలనూ ఒకే గ్రాఫ్ మీద గీయండి. అవి ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్నదే ఆ అధ్యాయం.

రేపు మీలో చాలామంది జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడలోనో గ్లాస్ లైన్డ్ రియాక్టర్ పక్కన నిలబడతారు. ఒక రియాక్టెంట్‌ను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా ఎందుకు వదలమంటారో ఆ రోజు ఈ గ్రాఫే చెబుతుంది.

8. సీఆర్‌ఈ-2కు రెండు మాటలు

రెసిడెన్స్ టైమ్ (ద్రవం రియాక్టర్‌లో ఉండే కాలం) లెక్కల్లో ముందు ఈ-కర్వ్, అంటే ఎంత ద్రవం ఎంతసేపు ఉందో చూపే గీత, కింది వైశాల్యం 1 వచ్చిందా చూడండి. తర్వాత సగటు కాలాన్ని పరిమాణం ÷ ఫ్లోతో పోల్చండి. మన 6.06 లీటర్ల ట్యాంకుకు 60.6 నిమిషాలు రావాలి. ట్రేసర్ (ప్రవాహం జాడ తెలుసుకోవడానికి కలిపే పదార్థం) 45 నిమిషాలే చూపిస్తే దాదాపు పావు వంతు ట్యాంకు పనిచేయని మూల అన్నమాట.

క్యాటలిస్ట్ లెక్కల్లో రేటు కిలో క్యాటలిస్ట్‌కా, లీటర్ రియాక్టర్‌కా చూసుకోండి. థీలే మాడ్యులస్‌కు (క్యాటలిస్ట్ గుళిక లోపల రియాక్షన్ వేగాన్ని డిఫ్యూజన్‌తో పోల్చే అంకె) మీ పుస్తకం వ్యాసార్థం వాడిందా, అందులో మూడో వంతు వాడిందా అన్నది తేల్చుకోకుండా చార్ట్ చూడకండి. ఉష్ణోగ్రత మారని ఫస్ట్ ఆర్డర్‌కు ఎఫెక్టివ్‌నెస్ ఫ్యాక్టర్ (గుళికలో నిజంగా జరిగే రేటు ÷ అంతటా ఉపరితల గాఢతే ఉంటే జరిగే రేటు) 1 దాటితే ఎక్కడో తప్పు చేశారు.

9. ఇప్పుడు పుస్తకం మూసేసి ఇది చేయండి

ఇదే రియాక్షన్, ఇదే గాఢత, ఇదే కే. కన్వర్షన్ మాత్రం 95 శాతం. బ్యాచ్‌కు ఎంత కాలం? సీఎస్‌టీఆర్‌కు ఎంత స్పేస్ టైమ్? తెల్ల కాగితం మీద బ్యాలెన్స్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.

బ్యాచ్‌కు సుమారు 57.6 నిమిషాలు, సీఎస్‌టీఆర్‌కు సుమారు 19.2 గంటలు రావాలి. మొదటిది కలిసి రెండోది కలవకపోతే 3వ మెట్టు మళ్లీ చదవండి, రేటు ఎక్కడ లెక్కించారో చూసుకోండి. రెండూ ఒకే నిష్పత్తిలో తేడాగా వస్తే మీ 0.0055 తప్పు. చాలావరకు 0.05 బదులు 0.1 వేసుంటారు.